సాక్షి బోనులో జోస్యం

1977లో అమెరికాలోని డాలస్ నగర జైలులో విచారణ ఖైదీగా ఉన్న రాండల్ డేల్ ఆడమ్స్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ వ్యక్తిని చూడడానికి ఒక మానసిక వైద్యుడు వచ్చాడు. కొన్ని రేఖాచిత్రాలు చూపి, వాటిని కాగితం మీద మళ్ళీ గీయమన్నాడు. దొర్లే రాయికి నాచు పట్టదు అనే ఇంగ్లీషు సామెతకు అర్థం చెప్పమన్నాడు. చేతిలో ఉన్న ఒక్క పిట్ట పొదలోని రెండు పిట్టల పెట్టు అనే మరొక సామెతకు కూడా అర్థం చెప్పమన్నాడు. ఖైదీ తనకు తోచినట్టు చెప్పాడు. డాక్టరు వెళ్ళిపోయాడు. ఆ సమావేశం ఎంతోసేపు సాగలేదని, నిమిషాలలోనే ముగిసిందని ఆడమ్స్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఆడమ్స్ మీద మోపిన నేరం సామాన్యమైనది కాదు. 1976 నవంబరులో ఒక రాత్రి, దీపాలు లేకుండా పోతున్న కారును ఆపిన పోలీసు అధికారిని అతడు కాల్చి చంపాడని ఆరోపణ. ఆ కారులో ఆడమ్స్ ఉన్నాడని, తుపాకి పేల్చింది అతడేనని డేవిడ్ హారిస్ అనే పదహారేళ్ళ కుర్రవాడు సాక్ష్యమిచ్చాడు. జ్యూరీ నమ్మింది. ఆడమ్స్ దోషి అని తేల్చింది.

ఇక మిగిలింది శిక్ష. అప్పుడు జైలుకు వచ్చిన డాక్టరు సాక్షి బోనెక్కాడు. ఈ మనిషి మారడని, వదిలిపెడితే మళ్ళీ హింసకు పాల్పడతాడని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. మరో మానసిక వైద్యుడు అదే మాట చెప్పి ఆయనను బలపరిచాడు. జ్యూరీ మరణశిక్ష విధించింది.

1979 మే నెలలో ఆ శిక్ష అమలు కావలసి ఉండగా, కేవలం మూడు రోజుల ముందు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు దానిని నిలిపివేశారు. జ్యూరీని ఎన్నుకున్న పద్ధతిలో దోషమున్నదని మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు ఆ మరణశిక్షను కొట్టివేసింది. గవర్నరు దానిని యావజ్జీవ శిక్షగా మార్చాడు. ఆ తరువాత 1988లో ఎరోల్ మోరిస్ అనే చిత్ర దర్శకుడు ఈ కేసు మీద తీసిన 'ద థిన్ బ్లూ లైన్' అనే డాక్యుమెంటరీ సాక్ష్యాల డొల్లతనాన్ని లోకానికి చూపింది. హారిస్ తన సాక్ష్యాన్ని తానే తోసిపుచ్చాడు. 1989 మార్చిలో ఆడమ్స్ నిర్దోషిగా బయటకు వచ్చాడు. అప్పటికి పన్నెండేళ్ళ జీవితం జైలులో గడిచిపోయింది.

ఈ కథలో మనసును కలచివేసే విషయం మరొకటి ఉన్నది. విచారణ జరిగిన ఆ న్యాయస్థానంలో, భవిష్యత్తులో ప్రాణం తీయబోయే మనిషి నిజంగానే ఒకడున్నాడు. కాని అతడు ముద్దాయి స్థానంలో లేడు. ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పి ఇంటికి వెళ్ళిపోయాడు. డేవిడ్ హారిస్ 1985లో మరొక హత్య చేసి, ఆ నేరానికి 2004లో మరణశిక్షకు గురయ్యాడు. శాస్త్రం పేర చాచిన వేలు అతడి వైపు కాక, పక్కనున్నవాడి వైపు చూపింది.

మూడు కాలాలు

నేరవిచారణలో మానసిక వైద్యుడిని, మనస్తత్వ శాస్త్రజ్ఞుడిని న్యాయస్థానాలు మూడు రకాల ప్రశ్నలు అడుగుతాయి. ఒకటి వర్తమానానికి సంబంధించినది: ఈ మనిషికి ఇప్పుడు మానసిక వ్యాధి ఉన్నదా? రెండవది గతానికి సంబంధించినది: నేరం జరిగిన క్షణంలో ఇతడి మనసు ఏ స్థితిలో ఉన్నది? మూడవది భవిష్యత్తుకు సంబంధించినది: ఇతడు మళ్ళీ నేరం చేస్తాడా?

మూడింటికీ ఒకే గొంతుతో సమాధానం చెప్పే నిపుణుడిని నమ్మే ముందు కొంచెం ఆగి ఆలోచించవలసి ఉంటుంది. మొదటి ప్రశ్న వైద్యుడి వృత్తికి సహజమైనది. రోగిని ఎదుట కూర్చోబెట్టుకుని, మాట్లాడి, రోజుల తరబడి గమనించి, కుటుంబాన్ని విచారించి అతడు వ్యాధిని గుర్తించగలడు. అక్కడ అతడి పాదాల కింద గట్టి నేల ఉన్నది. రెండవ ప్రశ్నకు వచ్చేసరికి నేల మెత్తబడుతుంది. నెలల క్రితం గడిచిపోయిన ఒక క్షణాన్ని ఇప్పటి లక్షణాలనుంచి, ఇతరులు చెప్పిన మాటలనుంచి ఊహించుకోవలసి వస్తుంది. మూడవ ప్రశ్న దగ్గర నేల అన్నది దాదాపు లేదు. అయినా మనిషి ప్రాణం తరచుగా వేలాడేది ఆ మూడవ ప్రశ్న మీదనే.

టెక్సాస్ రాష్ట్రంలో 1973లో వచ్చిన చట్టం ఆ ప్రశ్నను సూటిగా జ్యూరీ ముందు పెట్టింది. దోషి సమాజానికి నిరంతర ప్రమాదంగా పరిణమించే హింసానేరాలు చేసే అవకాశమున్నదా అన్నది ఆ ప్రశ్న. అవునంటే మరణానికి దారి తెరుచుకుంటుంది. సామాన్యులైన పన్నెండుమంది ఈ ప్రశ్నకు ఎట్లా జవాబు చెప్పగలరు? అందుకే ప్రాసిక్యూషన్ వారు నిపుణులను పిలవడం మొదలుపెట్టారు. వారిలో అందరికన్నా పేరు మోసినవాడు ఆడమ్స్‌ను జైలులో చూసిన ఆ డాక్టరే. ఆయన పేరు జేమ్స్ గ్రిగ్సన్.

నూటికి నూరు పాళ్ళు

గ్రిగ్సన్ తన జీవితంలో నూట యాభైకి పైగా మరణశిక్ష కేసులలో సాక్ష్యమిచ్చాడు. అత్యధిక భాగం ప్రాసిక్యూషన్ పక్షానే. పత్రికలు ఆయనకు 'డాక్టర్ డెత్' అని పేరు పెట్టాయి. ఆయన బలం శాస్త్ర పరిభాషలో లేదు. పరిభాష లేకపోవడంలోనే ఉన్నది. పక్కింటి పెద్దమనిషిలా తేలిక మాటలలో, తడబాటు లేకుండా చెప్పేవాడు. సందేహానికి తావిచ్చే సాక్షి కన్నా సందేహమే ఎరుగని సాక్షి వినేవారికి గొప్పవాడుగా కనిపిస్తాడు. నిపుణుడి విశ్వసనీయతలో ఉన్న మొదటి చిక్కు ఇదే. తెలిసినవాడు జాగ్రత్తగా మాట్లాడుతాడు. ఆ జాగ్రత్తను జనం చేతకానితనంగా తీసుకుంటారు.

1978లో థామస్ బేర్‌ఫుట్ అనే వ్యక్తి పోలీసు అధికారిని చంపిన నేరానికి టెక్సాస్‌లో విచారణకు వచ్చాడు. ఈసారి గ్రిగ్సన్ ముద్దాయితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడాలని కోరలేదు కూడా. ప్రాసిక్యూటరు ఒక ఊహాప్రశ్న వేశాడు: ఇటువంటి గతమున్నవాడు, ఇటువంటి నేరం చేసినవాడు ఒకడున్నాడనుకోండి, అతడు మళ్ళీ హింసకు దిగుతాడా? జైలులో ఉన్నా, బయట ఉన్నా, నూటికి నూరు పాళ్ళు, నిస్సందేహంగా ప్రమాదకారేనని గ్రిగ్సన్ జవాబిచ్చాడు. జ్యూరీ మరణశిక్ష విధించింది.

ఈ కేసు 1983లో అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. అప్పుడొక అపూర్వమైన సంఘటన జరిగింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం తనంతట తానుగా కోర్టు ముందుకు వచ్చి, తన వృత్తికి లేని శక్తిని తనకు అంటగట్టవద్దని వేడుకున్నది. ఒక మనిషి దీర్ఘకాలంలో హింసకు పాల్పడతాడని మానసిక వైద్యులు చెప్పే జోస్యాలలో ప్రతి మూడింట రెండు తప్పుతున్నాయని ఆ సంఘం విన్నవించింది. తన వృత్తి పరిధిని తగ్గించమని ఒక వృత్తిసంఘమే న్యాయస్థానాన్ని కోరడం చరిత్రలో అరుదు.

కోర్టు ఆ మొరను ఆలకించలేదు. ఆరుగురు న్యాయమూర్తులు బేర్‌ఫుట్‌కు వ్యతిరేకంగా, ముగ్గురు అనుకూలంగా నిలిచారు. మానసిక వైద్యులు ఎల్లప్పుడూ తప్పు చెబుతారని ఎవరూ అనడం లేదు గదా, చాలాసార్లు తప్పు చెబుతారని మాత్రమే గదా అంటున్నారు అన్నది అధిక సంఖ్యాకుల వాదం. గింజనూ పొట్టునూ వేరు చేసే పని క్రాస్ ఎగ్జామినేషన్ చూసుకుంటుందని వారు భావించారు. న్యాయమూర్తి హారీ బ్లాక్‌మన్ తీవ్రంగా విభేదించాడు. వైద్యుడి మాటను సామాన్యుడు తాకరానిదిగా భావిస్తాడని, ప్రాణానికి సంబంధించిన కేసులో అట్టి నమ్మదగని సాక్ష్యం మృత్యువుతో సమానమేనని ఆయన హెచ్చరించాడు. 1984 అక్టోబరు 30న బేర్‌ఫుట్‌కు మరణశిక్ష అమలైంది.

మనిషిని పరీక్షించకుండానే రోగనిర్ధారణ చేస్తున్నాడని, నూటికి నూరు పాళ్ళు చెప్పగలనంటున్నాడని ఆక్షేపించి 1995లో ఆ వైద్యుల సంఘం గ్రిగ్సన్‌ను తన సభ్యత్వంనుంచి తొలగించింది. అయినా ఆయన సాక్ష్యాలు అంతటితో ఆగలేదు. సంఘంలో సభ్యత్వం వేరు, బోనెక్కే అర్హత వేరు.

ఎందుకు తప్పుతుంది?

జోస్యం తప్పడానికి డాక్టరు దుర్మార్గుడు కానక్కరలేదు. ఒక చిన్న లెక్క వేసుకుంటే చాలు. వెయ్యిమంది నేరస్థులలో రానున్న కాలంలో యాభైమంది మాత్రమే మళ్ళీ ఘోరమైన హింస చేస్తారని అనుకుందాం. ఒక నిపుణుడు ఎవరిని చూసినా నూటికి ఎనభైసార్లు సరిగా చెప్పగలడని కూడా అనుకుందాం. ఇది చాలా ఉదారమైన ఊహ. ఆ యాభైమందిలో నలభైమందిని అతడు సరిగా పట్టుకుంటాడు. కాని మిగిలిన తొమ్మిదివందల యాభైమందిలో నూటికి ఇరవైమంది చొప్పున నూట తొంభైమందిని కూడా ప్రమాదకారులని పొరపాటుగా ముద్ర వేస్తాడు. మొత్తం ముద్రపడినవారు రెండువందల ముప్పైమంది. వారిలో నిజంగా ప్రమాదకారులు నలభైమంది. అంటే ఆరుగురిలో సుమారు ఒకరు. హింస అరుదైన సంఘటన కావడమే ఈ వైపరీత్యానికి మూలం. అరుదైనదానిని ముందుగా చెప్పబోయేవాడు ఎంత నేర్పరి అయినా, ఒక్కొక్కరిని సరిగా పట్టుకోవడానికి పలువురు నిరపరాధులను వలలో వేసుకోక తప్పదు.

ఇది కేవలం కాగితం మీది లెక్క కాదు. 1966లో జానీ బాక్స్‌ట్రమ్ అనే ఖైదీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా, న్యూయార్క్ రాష్ట్రంలో ప్రమాదకారులైన మనోరోగులని నిపుణులు ముద్రవేసి జైలు ఆసుపత్రులలో ఉంచిన 967 మందిని సాధారణ మానసిక చికిత్సాలయాలకు మార్చవలసి వచ్చింది. ఘోరాలు జరుగుతాయని అక్కడి సిబ్బంది భయపడ్డారు. హెన్రీ స్టెడ్‌మన్, జోసెఫ్ కొకోజా అనే పరిశోధకులు ఆ రోగులను కొన్ని సంవత్సరాలపాటు అనుసరించి చూశారు. మళ్ళీ ఆ కట్టుదిట్టమైన ఆసుపత్రులకు పంపవలసి వచ్చినవారు చాలా కొద్దిమంది. మిగిలినవారిని అన్నేళ్ళు బంధించి ఉంచినది వ్యాధి కాదు, వారిని గూర్చి ఎవరో రాసిన ఒక మాట.

అంతకు ముందే, 1954లో, పాల్ మీల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మరొక అప్రియమైన సత్యాన్ని చెప్పాడు. అనుభవజ్ఞుడైన నిపుణుడి అంచనా కన్నా, వయస్సు, పూర్వచరిత్ర వంటి కొన్ని వివరాలను కూడి వేసే సాదా లెక్క తరచుగా సమానంగానో, మెరుగుగానో పనిచేస్తున్నదని ఆయన చూపాడు. అయితే ఆ లెక్కకూ ఒక హద్దున్నది. ఇటువంటి వందమందిలో ఇంతమంది మళ్ళీ నేరం చేశారని అది చెప్పగలదు. ఎదుట నిలబడిన ఈ ఒక్క మనిషి ఆ ఇంతమందిలో ఉన్నాడా, మిగిలినవారిలో ఉన్నాడా అన్నది చెప్పలేదు.

అనుభవం నిపుణుడికి ఎందుకు తోడ్పడదు? వంట చేసేవారికి ఉప్పు ఎక్కువైన సంగతి ఆ పూటే తెలుస్తుంది. శస్త్రచికిత్స చేసే డాక్టరుకు రోగి కోలుకున్నదీ లేనిదీ వారం తిరగకముందే తెలుస్తుంది. పొరపాటు తెలిసినప్పుడే నేర్పు పెరుగుతుంది. న్యాయస్థానంలో జోస్యం చెప్పిన వైద్యుడికి ఆ జోస్యం నిజమైనదీ కానిదీ తెలుసుకునే అవకాశం దాదాపు ఉండదు. మరణశిక్ష పడిన కేసులలోనైతే ఆ అవకాశం శాశ్వతంగా మూసుకుపోతుంది. చనిపోయినవాడు తాను మంచివాడుగా బతికి చూపలేడు. ఎన్నడూ తప్పని జోస్యం కావాలంటే, తప్పని చూపించగలవాడు లేకుండా పోవాలి.

ఎవరి సాక్షి?

ఇంకొక చిక్కు డబ్బుకు సంబంధించినది. కాని అందరూ అనుకునే రీతిలో కాదు. డబ్బు తీసుకుని అబద్ధం చెప్పే నిపుణుడు ఎక్కడో ఉండవచ్చు. అతడు అంత ప్రమాదకారి కాదు, ఎందుకంటే అతడిని ఎప్పుడో ఒకప్పుడు పట్టుకోవచ్చు. నిజాయితీగానే ఒక పక్షానికి మొగ్గేవాడిని పట్టుకోవడం కష్టం. 2013లో డేనియల్ మరీ, మార్కస్ బొకచీనీ మొదలైన పరిశోధకులు ప్రకటించిన ఒక ప్రయోగంలో వందమందికి పైగా వృత్తినిపుణులకు ఒకే కేసుల కాగితాలు ఇచ్చారు. కొందరికి మిమ్మల్ని నియమించింది ప్రాసిక్యూషన్ అన్నారు, కొందరికి ముద్దాయి పక్షం అన్నారు. కాగితాలు ఒకటే, కొలమానాలు ఒకటే. అయినా ప్రాసిక్యూషన్ నియమించిందనుకున్నవారు సగటున ఎక్కువ ప్రమాదాన్ని చూశారు. రెండవ పక్షం వారు తక్కువ చూశారు. వారిలో ఎవరూ అబద్ధమాడలేదు. పిలిచినవారి వైపు నిలబడి చూసినప్పుడు దృశ్యమే కొంచెం మారి కనిపించింది.

అట్లాగని ముద్దాయి పక్షం పిలిచిన నిపుణుడు ముద్దాయికి మేలే చేస్తాడనే హామీ కూడా లేదు. 1997లో హూస్టన్ నగరంలో డ్వేన్ బక్ అనే నల్లజాతి వ్యక్తికి శిక్ష నిర్ణయించే విచారణలో, అతడి సొంత న్యాయవాదులు పిలిచిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ముద్దాయి నల్లజాతివాడు కావడం ప్రమాదాన్ని పెంచే అంశాలలో ఒకటని లెక్క చెప్పాడు. పక్షపాతం పట్టిక రూపంలో కూర్చున్నప్పుడు అది పక్షపాతంగా కనిపించదు, గణితంగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ తరువాత, 2017లో, అమెరికా సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని తీవ్రంగా ఖండించి బక్‌కు ఊరట కల్పించింది. మనిషికి అతడు చేసిన పనికి శిక్ష పడాలి గాని, పుట్టిన జాతికి కాదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ స్పష్టం చేశాడు.

దొరికిన తప్పు, దొరకని తప్పు

అదే హూస్టన్ నగరంలో 2001లో ఒక తల్లి తన ఐదుగురు పిల్లలను నీటి తొట్టిలో ముంచి చంపింది. ఆమె తీవ్రమైన మానసిక వ్యాధితో బాధపడుతున్నదనే విషయంలో వివాదం లేదు. చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసా లేదా అన్నదే ప్రశ్న. తెలుసునని ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యమిచ్చిన మానసిక వైద్యుడు దేశమంతటా పేరున్నవాడు. 'లా అండ్ ఆర్డర్' అనే టెలివిజన్ సీరియల్‌కు సలహాదారు కూడా. పిల్లలను ముంచి చంపిన తల్లి మతిభ్రమణం కారణంగా విడుదలైన కథ ఆ సీరియల్‌లో, ఈ ఘోరం జరగడానికి కొద్దికాలం ముందే ప్రసారమైందని ఆయన విచారణలో చెప్పాడు. జ్యూరీ ఆమెను దోషి అన్నది. తరువాత తేలినదేమంటే, అటువంటి కథ ఆ సీరియల్‌లో ఎన్నడూ రాలేదు. తన పొరపాటు తెలియగానే ఆ వైద్యుడే దానిని ఒప్పుకున్నాడు. ఆ కారణంగా 2005లో పై కోర్టు తీర్పును రద్దు చేసింది. 2006లో జరిగిన రెండవ విచారణలో, మతిభ్రమణం వలన ఆమె నేరానికి బాధ్యురాలు కాదని జ్యూరీ తేల్చి మానసిక చికిత్సాలయానికి పంపింది.

ఈ ఉదంతాన్ని గ్రిగ్సన్ చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బోధపడుతుంది. సీరియల్ గురించి చెప్పిన చిన్న తప్పు దొరికిపోయింది. ఎందుకంటే అది సరిచూడదగిన మాట. ఆ కథ ప్రసారమైందా లేదా అన్నది ఎవరైనా వెదికి తెలుసుకోవచ్చు. నూటికి నూరు పాళ్ళు ప్రమాదకారి అన్న పెద్ద తప్పు దొరకలేదు. ఎందుకంటే దానిని సరిచూసే మార్గమే లేదు. సాక్షి విశ్వసనీయతను మనం అతడి డిగ్రీలలో, గొంతులో, పేరుప్రతిష్ఠలలో వెదుకుతాం. అది ఉండేది అక్కడ కాదు. అతడు చెప్పిన మాటను ఇంకొకడు పరీక్షించి తప్పో ఒప్పో తేల్చగలగడంలోనే ఉన్నది.

మన న్యాయస్థానాలలో

ఇదంతా ఎక్కడో టెక్సాస్ గొడవ అని తోసివేయడానికి వీలులేదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 45వ సెక్షను నిపుణుల అభిప్రాయానికి చోటిచ్చింది. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అదే నియమం 39వ సెక్షనుగా కొనసాగుతున్నది. మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పని నేరం కాదన్న ఇండియన్ పీనల్ కోడ్ 84వ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను. వ్యాధి ఉన్నదని డాక్టరు రాసినంత మాత్రాన ఈ రక్షణ లభించదు. నేరం జరిగిన సమయంలో ముద్దాయి మనఃస్థితిని, దానికి ముందూ, అప్పుడూ, ఆ తరువాతా అతడు నడుచుకున్న తీరునుంచి కూడా గ్రహించాలని 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. నిపుణుడు నిజానికి సలహాదారు మాత్రమేనని, తన నిర్ణయం సరైనదో కాదో న్యాయమూర్తి స్వయంగా పరీక్షించుకోవడానికి కావలసిన శాస్త్రీయ ప్రమాణాలను అందించడమే అతడి ధర్మమని 1999లో జైలాల్ కేసులో మరింత స్పష్టం చేసింది. నిపుణుడిని గూర్చి ఇంతకన్నా వివేకమైన మాట మరొకటి లేదు.

అయినా మన దేశమూ ఆకర్షణలకు లొంగకుండా లేదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో మత్తుమందు ఇచ్చి మాట్లాడించే నార్కో పరీక్షలు, తలకు తీగలు తగిలించి జ్ఞాపకాలను చదువుతామనే మెదడు పరీక్షలు పోలీసు దర్యాప్తులలో విరివిగా సాగాయి. టెలివిజన్ చానళ్ళు వాటి దృశ్యాలను ఇళ్ళలోకి తెచ్చాయి. 2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్యకేసులో యావజ్జీవ శిక్ష విధిస్తూ, ముద్దాయి మెదడులో నేరానుభవం నమోదై ఉన్నదన్న పరీక్షా ఫలితాన్ని కూడా ఒక ఆధారంగా తీసుకున్నది. అదే సంవత్సరం, బెంగుళూరులోని నిమ్హాన్స్ డైరెక్టరు నాయకత్వాన ఏర్పడిన నిపుణుల సంఘం ఆ పద్ధతికి శాస్త్రీయత చాలదని, దానిని న్యాయస్థానాలలో సాక్ష్యంగా వాడరాదని తేల్చింది. 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు, మనిషి ఇష్టానికి విరుద్ధంగా అటువంటి పరీక్షలు జరపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

అయితే మనకూ టెక్సాస్‌కూ ఉన్న బంధుత్వం మరొకచోట, ఇంకా లోతుగా ఉన్నది. 1980లో బచన్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు, మరణశిక్షను అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులకే పరిమితం చేస్తూ, శిక్ష తగ్గింపుకు పరిశీలించవలసిన అంశాలను పేర్కొన్నది. ముద్దాయి సమాజానికి నిరంతర ప్రమాదంగా పరిణమించే హింసానేరాలు చేయకుండా ఉండే అవకాశం వాటిలో ఒకటి. అతడు సంస్కరణకు లొంగే అవకాశం మరొకటి. ఈ అవకాశాలు లేవని రుజువు చేయవలసిన భారాన్ని ప్రభుత్వం మీద పెట్టింది. మొదటి అంశంలోని పదాలు టెక్సాస్ చట్టంలోని పదాలకు అతి దగ్గర చుట్టాలు. భవిష్యత్తును గూర్చిన ఆ మూడవ ప్రశ్న మన న్యాయస్థానాలలోనూ అప్పటినుంచీ కూర్చునే ఉన్నది. చాలాకాలం దానికి ఎవరూ ఏ ఆధారమూ చూపలేదు. నేరం ఎంత ఘోరమో చూసి, మనిషి మారడని తేల్చివేయడమే పరిపాటిగా ఉండేది.

2022 మే నెలలో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆ పరిపాటిని మార్చదలచింది. మరణశిక్షకు అవకాశమున్న కేసులలో ముద్దాయి మానసిక స్థితిని గూర్చి వైద్యుల, మనస్తత్వ శాస్త్రజ్ఞుల నివేదికలను, జైలులో అతడి నడవడిని గూర్చిన నివేదికలను న్యాయస్థానం ముందుంచాలని ఆదేశించింది. ఇది అవసరమైన పని. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాజెక్ట్ 39ఎ బృందం 2021లో ప్రకటించిన అధ్యయనంలో, పరిశీలించిన 88 మంది మరణశిక్ష ఖైదీలలో దాదాపు 62 శాతం మంది ఏదో ఒక మానసిక వ్యాధితో ఉన్నట్టు తేలింది. వారి విచారణలలో ఈ సంగతి ఎవరి చెవినీ పడకుండా గడిచిపోతే అది న్యాయం కాదు. బాల్యంలో తిన్న దెబ్బలు, తలకు తగిలిన గాయాలు, వైద్యం అందని వ్యాధి, ఇవన్నీ చెప్పగలవాడు నిపుణుడే. గతాన్నీ వర్తమానాన్నీ చూపే ఆ దీపం లేకుండా తీర్పరి చీకటిలో తడుముకోవలసి వస్తుంది.

కాని దీపం పట్టుకున్నవాడిని దారి కూడా నువ్వే చెప్పమంటేనే ప్రమాదం. మనోరోగాన్ని గుర్తించడానికి పిలిచిన నిపుణుడిని, ఇతడు మారతాడా మారడా అని ఒక్క మాటలో తేల్చమంటే, టెక్సాస్ నడిచిన దారినే మనమూ నడిచినట్టవుతుంది. మనకొక మేలు ఉన్నది. మన నేరవిచారణలలో జ్యూరీ లేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దానికి చోటివ్వలేదు. జ్యూరీ తాను ఎందుకు నమ్మినదో చెప్పనక్కరలేదు. మన న్యాయమూర్తి చెప్పితీరాలి. నిపుణుడి మాటను ఎందుకు నమ్మాడో, ఎందుకు నమ్మలేదో కారణాలతో రాయాలి. రాసిన కారణాన్ని పై కోర్టు పరీక్షించవచ్చు.

అట్లా రాయబోయే ముందు న్యాయమూర్తి అడగదగిన ప్రశ్నలు గొప్ప శాస్త్రజ్ఞానం కోరేవి కావు. మీరు ఈ మనిషిని ఎన్నిసార్లు చూశారు, ఎంతసేపు చూశారు? అతడి భాషలో మాట్లాడారా, దుబాసీ ద్వారానా? అతడి కుటుంబంతో మాట్లాడారా? మీరు వాడిన పరీక్ష ఏ ప్రజల మీద పరీక్షించి తయారు చేసినది? ఇదే పద్ధతితో మీరు గతంలో చెప్పిన మాటలు ఎన్ని తప్పాయో మీకు తెలుసా? ఏ సంగతి బయటపడితే మీ అభిప్రాయం మార్చుకుంటారు? చివరి ప్రశ్నకు ఏదీ నన్ను మార్చలేదని జవాబిచ్చే సాక్షి శాస్త్రజ్ఞుడు కాడు, భక్తుడు.

న్యాయస్థానంలో తెలియదు అన్న మాటకు చులకన ఎక్కువ. సామాన్య సాక్షి ఆ మాట అంటే దాస్తున్నాడనుకుంటారు. నిపుణుడు అంటే ఫీజు దండగ అనుకుంటారు. మనిషి మనసును చదవడం వృత్తిగా పెట్టుకున్నవాడికి ఆ మాట అనడం నిజంగా కష్టమే. ఎదుట న్యాయమూర్తి ఉంటాడు, పక్కన పిలిచిన వకీలు ఉంటాడు, కటకటాల వెనుక ఒక ప్రాణం ఉంటుంది. అందరూ జవాబు కోసం చూస్తూ ఉంటారు. అటువంటి చోట నిలబడి, ఇంతవరకు చూశాను, ఇంతవరకే చెప్పగలను, ఆపైన చెప్పడానికి నా శాస్త్రానికి శక్తి లేదు అనగలిగినవాడే నమ్మదగిన సాక్షి. ఆ మాట విని, అది చాలునని, మిగిలిన భారం తనదేనని ఒప్పుకోగలిగినవాడే న్యాయమూర్తి.